గండికోట గట్టు మీద వంటకు ఏ పాత గిన్నె: ఇత్తడా, సత్తా, ఇనుమా, పింగాణీ పూతా?

కార్తీకం వచ్చి ఎండ కాస్త మెత్తబడగానే జమ్మలమడుగు నుంచి గండికోట పోయే దారిలో బైకుల వెనక టెంటు సంచులు కనబడతాయి. ఆ సంచుల పక్కన ఈమధ్య ఇంకో మూట కూడా కనిపిస్తోంది. అందులో అటక మీద నుంచి దించిన అవ్వ ఇత్తడి డబరా ఉంటుంది, లేదా పాత ఇనుప కొట్లో తూకానికి కొన్న బాండలి, ఎవరి తాతో మిలిటరీ నుంచి తెచ్చుకున్న సత్తు (అల్యూమినియం) డబ్బా. కొత్త నాన్‌స్టిక్ సెట్టు కొనకుండా పాత బోకుల్లోనే వండుకు తినాలనే ఈ ఇష్టం నాకూ ఉంది. పదేళ్ళుగా ఏరుకుంటున్నాను, మోసుకెళ్తున్నాను, వండుతున్నాను. కొన్ని పాడుచేసుకున్నాను కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఒక్కటే తీసుకెళ్ళాలంటే ఏది?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఏం వండుతారు, ఎన్ని నీళ్ళు ఉన్నాయి అని నేను ఎదురు అడుగుతాను. అందం, పాతదనం వాటి తరవాతే.

ముందు చూసుకోవలసినవి

మొదటిది పులుపు. మన సీమ వంటలో చింతపండు లేని పూట అరుదు. పులుసు, చారు, పుల్లగూర, ఊరిమిండి అన్నిట్లోనూ అదే. చలి దేశాల క్యాంపింగ్ పుస్తకాల్లో గిన్నెను బరువు చూసి ఎంచుకోమంటారు, ఎందుకంటే వాళ్ళు అందులో నీళ్ళు కాచుకుంటారు, సూపు చేసుకుంటారు. మనం పులుసు కాస్తాం. పులుపుకు ఏ లోహం ఎట్లా స్పందిస్తుందో తెలియకుండా గిన్నె ఎంచుకోకూడదు.

రెండోది కడిగే నీళ్ళు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. గండికోట లోయలో పెన్న కనిపిస్తూనే ఉంటుంది కానీ గట్టు మీద నుంచి దిగి బిందె నింపుకురావడం అయ్యే పని కాదు. ఓర్వకల్లు రాళ్ళ మధ్యైనా, పెనుకొండ వైపైనా మీరు మోసుకెళ్ళిన క్యానే మీకు దిక్కు. తోమడానికి రెండు చెంబులు చాలే గిన్నె, బకెట్టు నీళ్ళు తాగే గిన్నె ఒకటి కావు.

మూడోది గాలి, మంట. బండ మీద సాయంత్రం గాలి లేస్తే మంట ఒకవైపుకే వాలుతుంది. పలుచటి గిన్నెలో ఆ వైపు మాడుతుంది, ఈ వైపు ఉడకదు. నాలుగోది మోత. కారుకైతే ఇది లెక్కలోకి రాదు, బైకుకు వస్తుంది, నడకకైతే అన్నిటికంటే ముందు ఇదే. సేకరణ మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఐదోది కూడా కలుపుకోవాలి: పాడైతే బాగుచేసే మనిషి మీ ఊళ్ళో ఉన్నాడా?

| రకం | పులుసు | కడిగే నీళ్ళు | గాలిలో కట్టెల మంట | మోత | బాగుచేయడం |
|---|---|---|---|---|---|
| కళాయి (లోపల తగరం పూత) వేసిన ఇత్తడి | కళాయి నిండుగా ఉంటే సరే | మధ్యస్థం | బాగా ఓర్చుకుంటుంది, ఉత్తగా కాల్చకూడదు | చాలా ఎక్కువ | కళాయి వేసేవాళ్ళు కావాలి |
| సత్తు | వద్దు | మధ్యస్థం, మాడితే చాలా ఎక్కువ | పలుచనిది మాడుతుంది | చాలా తక్కువ | సొట్టలు తీయొచ్చు, అంతే |
| పోత ఇనుము, రేకు ఇనుము | వద్దు | అన్నిటికంటే తక్కువ | అన్నిటికంటే మేలు | ఎక్కువ | ఇంట్లోనే చేసుకోవచ్చు |
| పింగాణీ పూత | భయం లేదు | తక్కువ | వంటకు అంతంతమాత్రం, టీకి బాగు | తక్కువ | పూత లేస్తే మళ్ళీ వేయలేం |

ఇత్తడి: అందరికీ ముందు మనసు పోయేది దీని మీదే

గుండు చెంబు, డబరా, చిన్న గుండిగ. నిప్పుల వెలుగులో ఇత్తడి మెరుస్తుంటే చూపు తిప్పుకోలేం. నా దగ్గర ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా రెండు శేర్ల ఇత్తడి డబరానే. అయితే ఎక్కువ జాగ్రత్త కోరేదీ ఇదే.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. కళాయి లేని ఇత్తడిలో చింతపండు రసం పోస్తే రాగి పులుపులోకి దిగుతుంది. పులుసు రుచి మారుతుంది, నాలుక మీద చిరచిర, ఎక్కువైతే కడుపులో తిప్పడం, వాంతులు. పాత గిన్నెల అంచున పచ్చగా పట్టే కిలుం కూడా రాగి నుంచి వచ్చిందే. అందుకే లోపల తగరం పూత వేస్తారు. కళాయి వేసేవాళ్ళు గిన్నెను కొలిమి మీద ఎర్రగా కాకముందే తీసి, నవాసారం చల్లి, తగరం కడ్డీని ఒకసారి రాసి, దూదితో గిన్నె అంతా తిప్పుతారు. రెండు మూడు నిమిషాల్లో లోపలంతా వెండిలా మెరుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని పని అది.

ఇప్పుడు అసలు లెక్క. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గిన్నెలో నీళ్ళు, పప్పు, పులుసు ఉన్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు, కాబట్టి కింద ఎంత మంట ఉన్నా కళాయికి ఏమీ కాదు. తాలింపు పెట్టడానికి నూనె కాగితే మాత్రం ఆ వేడి 200 దాటి కళాయి కరిగే హద్దుకు వచ్చేస్తుంది. ఖాళీ గిన్నె మంట మీద పెడితే ఇక చెప్పక్కర్లేదు. నా మొదటి డబరాకు అదే జరిగింది. మైలవరం డ్యాం దగ్గరి ఒక తోటలో పొయ్యి అంటించి, గిన్నె పెట్టి, నీళ్ళ క్యాను కోసం కారు దగ్గరికి పోయొచ్చాను. వచ్చేసరికి అడుగున తగరం చిన్న చిన్న పూసల్లా ముడుచుకుని ఉంది, మధ్యలో పసుపు మచ్చ తేలింది. ఆ రాత్రి పులుసు లేదు. తరవాత కళాయి వేసిన ముసలాయన గిన్నె చూడగానే కనిపెట్టి, "ఉత్త గిన్నె ఎప్పుడూ పెట్టొద్దు నాయనా, నీళ్ళు పోసినాకే పొయ్యి ఎక్కించు" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో కూడా ఆ మాట తప్పలేదు.

ఇత్తడికి కట్టె గరిటే వాడాలి, ఇనుప గరిట కళాయిని గీకేస్తుంది. బూడిద మెత్తగా జల్లించి తోమండి, ఇసుకతో వద్దు. తాలింపు వేరే గరిటెలో పెట్టి పైన పోయండి.

కళాయి వేయించేటప్పుడు తగరం మంచిదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. చౌక కోసం సీసం కలిపితే అది నేరుగా కూట్లోకి వస్తుంది. నేను కడ్డీ చేతికి తీసుకుని చెవి దగ్గర వంచి చూస్తాను. మంచి తగరం వంగుతుంటే కిరకిరమని సన్నటి చప్పుడు చేస్తుంది. సీసం చప్పుడు చేయదు, తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిలు గీసినట్టు బూడిదరంగు గీత పడుతుంది. అడిగి చూడటానికి మొహమాటపడకండి. పని తెలిసినవాళ్ళు సంతోషంగానే చూపిస్తారు.

మోత సంగతి: ఒకే సైజు, ఒకే మందం గిన్నె సత్తుదైతే అర కిలో తూగితే ఇత్తడిది కిలోన్నర దాటుతుంది. బైకు మీద ఇద్దరు పోతుంటే ఇది ఇంట్లోనే వదలండి.

సత్తు: గొర్రెల కాపరుల ఎంపిక

అల్యూమినియం గిన్నెను ఊళ్ళలో సత్తు అంటారు, సిల్వర్ అని కూడా అంటారు. మన సీమలో నిజంగా ఆరుబయట బతికేది గొర్రెల కాపరులు. మేత కోసం మందతో నెలల తరబడి ఊళ్ళు మారేవాళ్ళ మూటలో నేను చూసింది ఎప్పుడూ ఒక సత్తు సర్వ, ఒక తెడ్డు, నీళ్ళ క్యానే. వాళ్ళకంటే బరువు లెక్క తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

పాత సామాను ఇష్టపడేవాళ్ళకు ఇందులో దొరికే మంచి వస్తువు మిలిటరీ మెస్ టిన్. నలుచదరంగా, ఒకదానిలో ఒకటి దూరే రెండు డబ్బాలు, మడతపడే పిడులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు మోసిన నమూనా ఇది. ఎన్‌సీసీ క్యాంపులకు పోయినవాళ్ళకు ఈ రకం డబ్బాలు కొత్త కాదు. చిన్న డబ్బాలో టీ పొడి, చక్కెర, అగ్గిపెట్టె సర్ది మూసేస్తే సంచిలో ఒక మూల చాలు.

వేడి పాకడంలో సత్తు ఇత్తడి కంటే రెట్టింపు చురుకు. నీళ్ళు త్వరగా కాగుతాయి, కట్టెలు తక్కువ పడతాయి. అయితే మెస్ టిన్ పలుచన. నూడుల్సుకు, టీకి, గుడ్లు ఉడకబెట్టడానికి సరిపోతుంది, సంగటికి పనికిరాదు. సంగటి కెలకాలంటే గిన్నెను రెండు కాళ్ళ మధ్య అదిమిపెట్టి బలంగా తిప్పాలి. పలుచని సత్తు వంగిపోతుంది, అడుగు మాడుతుంది, ఆ మాడు గీకడానికే మీ నీళ్ళన్నీ అయిపోతాయి. సంగటి మీద మనసుంటే మందపాటి సత్తు సర్వ వెతకండి. అది దొరికితే సంగటికి దాన్ని మించింది లేదు.

పులుసు మాత్రం ఇందులో వద్దు. చింతపండు, టమాటా, నిమ్మ ఏదైనా సత్తును తినేస్తుంది, లోపల నల్లమచ్చలు, గుంటలు పడతాయి. మిగిలిన కూర రాత్రంతా అందులో ఉంచకండి. ఇంకొక్క జాగ్రత్త: పాత ఇంజను ముక్కలు, తుక్కు కరిగించి పోతపోసిన ముతక సత్తు గిన్నెలు కూడా సంతల్లో వస్తాయి. వాటిలో సీసం కలిసి ఉండొచ్చు. రేకును అచ్చులో నొక్కి చేసిన నున్నటి గిన్నెలే తీసుకోండి. పోతపోసిన గరుకు గిన్నెను షెల్ఫులో పెట్టుకోవచ్చు, పొయ్యి మీద వద్దు.

ఇనుము: నీళ్ళు తక్కువైన చోట

ఒక రాత్రికి ఒక్క క్యాను నీళ్ళతో పోతుంటే నేను చెప్పేది ఇనుప బాండలి, లేదా పెనం. వాడిన తరవాత వేడిగా ఉండగానే గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి గుడ్డతో రుద్ది, తుడిచి, చుక్క నూనె రాస్తే అయిపోయింది. అర చెంబు నీళ్ళు కూడా పట్టవు.

దీని గుట్టు నూనె పట్టించడంలో ఉంది. పలుచగా రాసిన నూనె ఎక్కువ వేడికి మారి, నల్లటి గట్టి పొరలా ఇనుముకు అతుక్కుంటుంది. తుప్పు రానివ్వదు, అంటుకోనివ్వదు. పాత కొట్లో తుప్పు పట్టి ఎర్రగా ఉన్న బాండలిని చూసి వెనక్కి తగ్గకండి. ఇటుక పొడితో తోమి, ఆరబెట్టి, చెనిక్కాయ నూనె నాలుగైదు సార్లు పలుచగా రాసి కాల్చితే మళ్ళీ నలభై ఏళ్ళు పనిచేస్తుంది. ఇక్కడున్న నాలుగు రకాల్లో ఎవరి సాయమూ లేకుండా మీ చేత్తో మీరే బతికించుకోగలిగేది ఇదొక్కటే. అందుకే కొత్తగా ఏరుకోవడం మొదలుపెట్టేవాళ్ళను దీనితో మొదలుపెట్టమంటాను.

రేకు ఇనుము, పోత ఇనుము వేరు. రేకు బాండలి పలుచన, కింద పడితే సొట్ట పడుతుంది. పోత ఇనుము మందం, వేడి పట్టి ఉంచుతుంది, గాలికి మంట అటూ ఇటూ ఊగినా లోపలి వేడి తగ్గదు. కానీ బండ మీద జారిపడితే పెళుసుగా పగులుతుంది, ఎర్రగా కాలినప్పుడు చన్నీళ్ళు పోసినా అంతే. కొనేముందు వేలి ముడితో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. చదునైన నాపబండ మీద పెట్టి ఊపి చూడండి, అడుగు వంకర తెలిసిపోతుంది.

విదేశీ సేకరణ మీద ఆసక్తి ఉన్నవాళ్ళు డచ్ ఓవెన్ అనే మాట వినే ఉంటారు. కాళ్ళున్న పోత ఇనుప కుండ, అంచు లేచిన మూత, ఆ మూత మీద నిప్పులు పేర్చి పైనా కిందా కాల్చే పద్ధతి. ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోతపోసే విధానానికి ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1707లో పేటెంటు తీసుకున్నాడు. అట్లాంటి కుండలకు దారి వేసింది అదే. మూత మీద నిప్పులు వేసి దమ్ము పెట్టడం మన బిర్యానీ వంటవాళ్ళకు తెలిసినదే. కాబట్టి దాని కోసం దూరదేశం నుంచి తెప్పించుకోనక్కర్లేదు, మందపాటి మూత దొరికితే చాలు.

ఇనుములో జొన్నరొట్టె, బజ్జీలు, కోడి వేపుడు, ఉగ్గాని తాలింపు. పులుసు కాస్తే నల్లబడుతుంది, మీరు పట్టించిన నూనె పొర కరిగిపోతుంది. ప్రమాదం ఏమీ లేదు, కష్టం మాత్రం వృథా.

పింగాణీ పూత పళ్ళేలు, మగ్గులు

తెల్లటి మగ్గు, నీలం అంచు. పాత రైల్వే క్వార్టర్సులోనో, ఆసుపత్రి బేసిన్లలోనో చూసి ఉంటారు. ఉక్కు రేకు మీద గాజు పొడిని 800 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి కరిగించిన పూత ఇది. గాజు కాబట్టి చింతపండుకైనా, నిమ్మకైనా జంకదు, కడగడం తేలిక. తెల్లవారుజామున చలిలో ఆ మగ్గు రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతుంటే అరచేతులు వెచ్చబడతాయి. ఆ సుఖం కోసమే నేను నాలుగు మగ్గులు దాచుకున్నాను.

వంటకు పెద్దగా పనికిరావు. గాజు, ఉక్కు వేడికి ఒకే తీరులో సాగవు. మంట ఒకచోటే తగిలినా, వేడి గిన్నెలో చన్నీళ్ళు పోసినా పూత పెచ్చులూడుతుంది. బయట అంచున పెచ్చు పోతే ఫరవాలేదు. లోపల పోతే తినడానికి వాడొద్దు, గాజు పలుకులు కూట్లో పడతాయి. పాత ముక్కల్లో లోపలి వైపు ముదురు ఎరుపు, పసుపు, నారింజ రంగులుంటే అలంకారానికే ఉంచండి, ఆ రంగుల్లో కాడ్మియం, సీసం వాడిన కాలం ఉంది.

రాచ్చిప్ప, మట్టి చట్టి గురించి కూడా అడుగుతారు. పులుసుకు రెండూ గొప్పవే. తోటకు ఎడ్లబండిలోనో, ట్రాక్టరులోనో పోతుంటే గడ్డిలో పెట్టి తీసుకెళ్ళండి. బైకుకు వద్దు.

పొయ్యి: మూడు రాళ్ళా, ఇత్తడి పంపు స్టౌవా?

1892లో స్టాక్‌హోమ్‌లో లింద్‌క్విస్ట్ అనే ఆయన వత్తి లేని కిరోసిన్ స్టౌ చేశాడు. దాని పేరు ప్రైమస్. మన ఇళ్ళలో గుయ్యిమని అరిచిన ఇత్తడి పంపు స్టౌ దాని వంశమే. దక్షిణ ధ్రువానికి 1911లో పోయిన అముండ్‌సెన్ బృందం దగ్గరా అదే ఉంది. సేకరణకు ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు. వాడకానికి మాత్రం ఆలోచించండి. రేషన్ కిరోసిన్ రోజులు పోయాయి. ఎండిన తోలు వాషరు, మాటు (లోహపు అతుకు) వేసిన ట్యాంకు, పూడిన నిపిలు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా అంటించకూడదు. పెట్రోలు కలపడం ప్రాణాంతకం. టెంటు లోపల ఏ పొయ్యీ వెలిగించొద్దు, విషవాయువు నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

మూడు రాళ్ళ పొయ్యికైతే గట్టి గుండ్రాళ్ళు చూసుకోండి. కడప నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, వేడికి పెటిల్లుమని పగిలి పెచ్చులు ఎగరొచ్చు. గండికోట కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, లోపల ఎక్కడా మంట పెట్టకండి. నల్లమలలోనైనా, లంకమలలోనైనా రిజర్వు ఫారెస్టులో నిప్పు నేరం. టెంట్లు అనుమతించే చోటనో, తెలిసినవాళ్ళ తోటలోనో, చెనిక్కాయ పీకిన చేలోనో వండుకోండి. ఆ చేలో అయితే ఏ గిన్నె అక్కర్లేని విందు కూడా ఉంది: పచ్చి కాయల్ని చెట్టుతో సహా ఎండుటాకుల మంటలో కాల్చి, బూడిద దులిపి తినడం.

ఎవరికి ఏది?

బైకు మీద ఇద్దరు, ఒక్క రాత్రి: మెస్ టిన్, రెండు పింగాణీ మగ్గులు. చింతపండు వంట ఇంటి నుంచే చేసి స్టీలు క్యారియర్లో తీసుకెళ్ళండి. పాత స్టీలు క్యారియర్‌ను నేను తక్కువ చేయను. పులుపుకు చెక్కుచెదరదు, దాన్ని కొననక్కర్లేదు కూడా.

కుటుంబంతో కారులో: కళాయి డబరా, ఇనుప బాండలి రెండూ. తాలింపు ఇనుములో, పులుసు ఇత్తడిలో. ఇవి రెండూ ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. పెద్దవాళ్ళు వెంట వస్తే ఇత్తడి ఎంపికకు ఇంకో లాభం ఉంది. మా అమ్మ ఆ డబరా చూసి, అది ఏ పెళ్ళిలో ఎవరు పెట్టిందో చెప్పడం మొదలుపెడితే సంగటి చల్లారేదాకా ఆగదు.

కొండెక్కేవాళ్ళు: సత్తు. రెండో మాట లేదు.

ఏరుకోవడమే ముఖ్యం అనుకునేవాళ్ళు: ముందు మీ ఇంటి అటక, తరవాత పాత ఇత్తడికి కొత్త స్టీలు మార్పిడి ఇచ్చే పాత్రల కొట్లు. అక్కడ పాతవి కరిగించడానికి పోయే బస్తాల్లో ఉంటాయి. బస్తా బయటికి పోకముందే పలకరించి ఉంచుకుంటే కిలో లెక్కనే ఇస్తారు. అడుగున చెక్కిన పేర్లు, తేదీలు చూడండి. పూర్వం గిన్నె మీద ఇంటిపేరు చెక్కించేవాళ్ళు. మాటు వేసిన చోటు బూడిదరంగులో ఉంటే అది సీసం మాటు కావచ్చు, అట్లాంటిది వంటకు వద్దు. రెండింటిలో ఏది కొనాలో తేలకపోతే మూత ఉన్నదే తీసుకోండి. గాలికి దుమ్ము లేచే మన బండల మీద మూత లేని గిన్నెతో పడే పాట్లు నాకు తెలుసు, సరిపోయే పాత మూత విడిగా దొరకడం మహా కష్టం.